పచ్చికకీ మంచుకీ ఒకటే బండి

అమెరికాలో మిషిగన్ సరస్సు చుట్టుపక్కల ఊళ్లలో నవంబరు మొదటి వారాలంటే ఒకప్పుడు ఒక పని ఖాయం. వేసవంతా గడ్డి కోసిన చిన్న ట్రాక్టరు పొట్ట కింద నుంచి కోత డెక్కు దించాలి, దాని మూతికి మంచు విసిరే పెట్టె తగిలించాలి. ఆ పెట్టెనే అక్కడ స్నో త్రోయర్ అంటారు. పని ఏ ఇంట్లో జరుగుతోందో వీధిలోంచే తెలిసిపోయేది: గ్యారేజీ తలుపు ఎత్తి ఉంటుంది, సిమెంటు నేల మీద ఓ అట్టముక్క, దాని మీద విప్పిన పిన్నులు విప్పిన వరసలోనే పేర్చి, పక్కన గ్రీజు వేలిముద్రలు పడ్డ పల్చటి మాన్యువల్. 1960ల నుంచి ఓ ముప్ఫై ఏళ్లు సాగిన ఈ తంతు ఇప్పుడు పాత బండ్ల పిచ్చి ఉన్న కొద్దిమంది ఇళ్లలో తప్ప కనబడదు. దాన్ని తలుచుకునేవాళ్లు ఎక్కువగా ఒకటే మాట అంటారు: ఆ కాలపు ఇనుము వేరు, అందుకే అరవై ఏళ్ల బండ్లు ఇంకా నడుస్తున్నాయి అని. ఇనుము గట్టిదే, కాదనను. కానీ ఆ బండ్లను బతికించింది ఇనుము కంటే ఆ నవంబరు పనే అని నా వాదన. ఇష్టమున్నా లేకున్నా ఏడాదికి రెండుసార్లు, మంచుకి ముందొకసారి, మంచు పోయాక ఒకసారి, బండిని విప్పక తప్పని ఏర్పాటు అది. ముందు పోయింది ఆ ఏర్పాటు. బండి దాని వెనకే పోయింది.

గార్డెన్ ట్రాక్టరంటే మన పొలాల్లో తిరిగే ట్రాక్టరుకి మనవడి లాంటిది. రూపమంతా తాతదే, ఎత్తు మాత్రం నడుం దాకా. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక నగరాల అంచుల్లో అరెకరం, ఎకరం స్థలాల్లో ఇళ్లు లేచాయి. ఇంటి ముందు పచ్చిక, వెనక కూరగాయల మడి, రోడ్డు నుంచి గ్యారేజీ దాకా పొడుగాటి దారి. మనిషి చేతికి ఎక్కువ, పెద్ద ట్రాక్టరుకి తక్కువ అయిన పని అది. ఇండియానా రాష్ట్రం సౌత్ బెండ్‌లో ఎల్మర్ పాండ్ 1946లో కట్టడం మొదలుపెట్టిన చిన్న ట్రాక్టర్లే తర్వాత వీల్ హార్స్ అయ్యాయి. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ 1961 మోడల్‌గా కబ్ క్యాడెట్‌ని కెంటకీ రాష్ట్రం లూయీవిల్ నుంచి దించింది. జాన్ డీర్ 1963లో విస్కాన్సిన్‌లోని హోరికాన్‌లో 110 చేసింది. అదే రాష్ట్రంలో పోర్ట్ వాషింగ్టన్ అనే సరస్సు ఒడ్డు చిన్న ఊరిలో సింప్లిసిటీ, బోలెన్స్ అని రెండు పోటీ కర్మాగారాలు పక్కపక్కనే బతికాయి. చాలా బండ్ల గుండె కూడా విస్కాన్సిన్‌దే: కోలర్ కంపెనీ కె వరస ఇంజను, పోత ఇనుప దిమ్మ, ఒకటే సిలిండరు, ఏడెనిమిది నుంచి పదహారు గుర్రాల బలం. ఈ కంపెనీలన్నీ అమ్మింది ఒకటే ఊహ. వసంతంలో నాగలి, వేసవిలో కోత డెక్కు, శీతాకాలంలో మంచుపెట్టె. ఇంజనూ చక్రాలూ మాత్రం అవే. మన రైతుకి ఇది కొత్త సంగతి కాదు. ఎడ్ల జత అదే. దుక్కికి నాగలి, చదునుకి గుంటక, విత్తడానికి గొర్రు, సంతకి బండి. కాడి మారదు, కాడికి కట్టేది మారుతుంది.

మంచుపెట్టె తగిలించడం చూడ్డానికి పది నిమిషాల పని. కబ్ క్యాడెట్ పెట్టెలకు పేరులోనే ఆ మాట ఉంది: క్యూఏ-36, క్యూఏ-42. అంకె అంగుళాల్లో వెడల్పు, క్యూఏ అంటే క్విక్ అటాచ్. ఆ క్విక్ అన్నది నిరుడు చేసి చెయ్యి తిరిగినవాడికి; మొదటిసారి చేసేవాడికి ఒక ఆదివారం మొత్తం మింగేస్తుంది. ముందు డెక్కు బెల్టు వదులు చేసి, పిన్నులు లాగి, ముందు చక్రాలు ఓ పక్కకి తిప్పి, డెక్కుని పక్క నుంచి జరిపి బయటికి లాగాలి. మంచుపెట్టె ఇద్దరు పట్టేంత బరువు కాబట్టి దాన్ని బండి దగ్గరికి మోయరు. నేల మీదే ఉంచి బండినే దాని దగ్గరికి మెల్లగా తెస్తారు. చట్రం కింద బిగించిన బ్రాకెట్టులోకి పెట్టె చెవులు కూర్చోవాలి. పావు అంగుళం తేడా ఉన్నా కూర్చోవు. అప్పుడు తుప్పు గునపంతో చిన్నగా పొడుస్తూ, మోకాలితో నెడుతూ, కాస్త గొణుక్కుంటూ కూర్చోబెట్టాలి. తర్వాత ఎత్తే లివరుకి కడ్డీ కలపాలి, మంచు పడే గొట్టాన్ని కుర్చీలోంచే తిప్పడానికి చేతిపిడి కడ్డీ అమర్చాలి. చివరిది, అసలుది, బెల్టు. కబ్ క్యాడెట్‌లో క్రాంకు ఇరుసు బండి పొడవు వెంట ఉంటుంది, పుల్లీ ముందుకి చూస్తుంది. పెట్టెలో తిరుగుతూ మంచుని లోపలికి లాగే మరచుట్టేమో బండికి అడ్డంగా తిరగాలి. ఇలాంటి బండ్లలో ఆ మలుపుని గేర్లతో గానీ వంపు పుల్లీలతో గానీ తిప్పి, బలాన్ని మరచుట్టు దాకా తీసుకెళ్లాలి. ఈ దారిలో ఎక్కడ ఒక పుల్లీ వరస తప్పినా బెల్టు మొదటి మంచుకే అంచు కోసుకుని పీచుపీచవుతుంది. అందుకే తెలిసినవాడు బెల్టు వేశాక వెనక్కి వెళ్లి, ఒక కన్ను మూసి, పుల్లీ నుంచి పుల్లీకి వడ్రంగి చెక్క చూసినట్టు వరస చూసేవాడు.

అక్కడితో అయిపోదు. మూతి మీద అంత బరువు వేలాడితే వెనక చక్రాల మీద భారం తగ్గుతుంది, మంచులో అవి ఉన్నచోటే గిరగిరా తిరుగుతాయి. కాబట్టి వెనక పోత ఇనుప దిమ్మలు, టైర్లకు గొలుసులు. కొందరు టైర్ల లోపల గాలికి బదులు కాల్షియం క్లోరైడు కలిపిన నీళ్లు నింపేవాళ్లు, గడ్డకట్టవు కాబట్టి. ట్యూబు కారితే మాత్రం ఆ ఉప్పు రిమ్ముని తినేస్తుంది. మన దగ్గర నాట్ల ముందు దమ్ము చెయ్యడానికి ట్రాక్టరుకి కేజ్ వీల్స్ బిగించడమూ ఇదే లెక్క: నేల మారితే కాలు మారాలి. తర్వాత పెట్టె కింది జోళ్లు. స్కిడ్ షూ అంటారు, రెండు పక్కలా ఉండే ఇనుప పాదాలు. కంకర దారి అయితే ఎత్తు పెంచాలి, లేకపోతే మంచుతోపాటు రాళ్లు ఎగిరి పక్కింటి కిటికీ చేరతాయి. ఎత్తు కొలవడానికి పనిముట్టు అక్కర్లేదు. గోకుడు పట్టీ కింద తగినంత మందం చెక్కముక్క పెట్టి, పాదాలు నేలకి ఆనించి బోల్టు బిగిస్తే చాలు. గొట్టం లోపల కారుకి రుద్దే మైనం రుద్దాలి, తడిమంచు అంటుకోకుండా. వేసవి చిక్కటి నూనె దించి చలికి తగ్గ పల్చటిది పొయ్యాలి. ప్లగ్గు సందు 35, పాయింట్ల సందు 20, అంగుళంలో వెయ్యో వంతుల్లో. షియర్ బోల్టు మెత్తటిదేనా కాదా చూసుకోవాలి; మరచుట్టులో ఏ కట్టెముక్కో ఇరుక్కుంటే తెగిపోయి గేర్లను కాపాడడానికే ఆ బోల్టు ఉంది. మాటిమాటికీ తెగుతోందని దాని స్థానంలో గట్టి బోల్టు బిగించినవాడు పది పైసల బోల్టుని కాపాడి గేర్లు పోగొట్టుకుంటాడు.

ఇప్పుడు ఈ పనుల జాబితాను ఇంకో కంటితో చూడండి. ఇందులో ఒక్కటీ తనిఖీ పేరుతో లేదు, అన్నీ తనిఖీలే. బెల్టు చేతిలోకి వస్తేనే దాని లోపలి వైపు పగుళ్లు కనబడతాయి. మరచుట్టుని తిప్పే గొలుసుకి నూనె పెడుతూ దాన్ని చేత్తో తిప్పితేనే బేరింగు గరగర వినబడుతుంది. ఇంజను ముందు భాగం ఖాళీ అయితేనే గాలి రెక్కల మీది రేకు కింద ఎలుక కట్టిన గూడు బయటపడుతుంది. గాలితో చల్లబడే ఇంజనుకి అది ఊపిరి మూసేసే సంగతి. దించిన డెక్కుని తిరగేస్తేనే అడుగున పేరుకున్న తడి గడ్డి అట్ట కనబడుతుంది, దాన్ని గోకకపోతే రెండు మూడేళ్లలో రేకు చిల్లులే. ఈ లోపాలన్నీ నవంబరులో గ్యారేజీ నీడన దొరకడం వేరు, జనవరి రాత్రి గాలివానలాంటి మంచులో దొరకడం వేరు. అరవై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు దారి మీద అడుగు మంచు పడిందనుకుందాం. కొత్త పొడిమంచు నీళ్లలో పదో వంతు బరువనుకున్నా మూడు టన్నులకు పైనే అవుతుంది; తడిమంచైతే ఇంకా ఎక్కువ. 1967 జనవరి 26, 27 తేదీల్లో షికాగోలో 23 అంగుళాలు పడింది. 1979 జనవరి మంచుని తియ్యించలేక ఆ నగర మేయరు మైకేల్ బిలాండిక్ మరుసటి నెల పార్టీ ఎన్నికలో జేన్ బర్న్ చేతిలో ఓడిపోయాడు. ఓటర్లు ఆయన దగ్గర అడిగింది వీధిలో మంచు తియ్యమనే. ఇంటి దారి మాత్రం ఏ మేయరు పనీ కాదు. మన దగ్గర దసరాకి లేతు మిషన్లూ లారీలూ కడిగి, నూనె పెట్టి, బొట్టు పెడతారు చూడండి, దేవుడి సంగతి అటుంచితే దానివల్ల ఏడాదికోసారి ప్రతి యంత్రం మీదా మనిషి చెయ్యి పడుతుంది. అమెరికా నవంబరు పని బొట్టు లేని ఆయుధపూజ.

దీనికి మొదట వచ్చే అభ్యంతరం బలమైనదే. మిగిలిన బండ్లను చూసి పాతకాలం గొప్పదనుకోవడం మోసపు లెక్క. చెడిపోయినవన్నీ ఎప్పుడో తుక్కు కొట్టుకి పోయాయి, అవి సాక్ష్యం చెప్పవు. నిజమే. 1960ల బండ్లన్నీ దీర్ఘాయుష్షుతో పుట్టలేదు. అయితే ఆ అభ్యంతరం దెబ్బ కొట్టేది ఇనుము గొప్పదన్న వాదాన్ని, నా వాదాన్ని కాదు. ఒకే అచ్చు నుంచి వచ్చిన, ఒకే ఇంజను ఉన్న రెండు బండ్లలో ఒకటి తుక్కుకి పోయి, ఇంకోటి నడుస్తుంటే, తేడా ఇనుములో ఉందనలేం. తేడా వాటిని పట్టుకున్న చేతుల్లో వెతకాలి. ఇంకొంచెం ఇబ్బంది పెట్టే సాక్ష్యం ఇంకోటి ఉంది. విస్కాన్సిన్‌లోనే బ్రిలియన్‌లో ఉన్న ఏరియన్స్ కంపెనీ 1960లో నడుస్తూ తోసే మంచు యంత్రాన్ని స్నో-త్రో పేరుతో తెచ్చింది. దానికి డెక్కు లేదు, మార్పిడి లేదు, అయినా ఆ కాలపువి కొన్ని ఇంకా పని చేస్తున్నాయి. మార్పిడి లేకుండానే బతికాయి కదా అంటే, ఆ మేరకు నా వాదనకు బీట పడిందని ఒప్పుకుంటాను. కాకపోతే ఆ యంత్రం ఏడాదిలో ఏడెనిమిది నెలలు మూల కూర్చుంటుంది. ట్రాక్టరేమో పన్నెండు నెలలూ ధూళి, తడి గడ్డి, ఉప్పు, మంచు మధ్య తిరుగుతుంది. అంత చాకిరీ చేసే యంత్రం అంతకాలం నిలవాలంటే విశ్రాంతి చాలదు, ఎవరో ఒకరు లోపలికి చూడాలి.

రెండో అభ్యంతరం ఆ పనిని మోసిన మనుషుల వైపు నుంచి వస్తుంది. ఇందులో గొప్పేముంది, బాగా ఆలోచించి చెయ్యలేని డిజైనర్ల తప్పుని ఇంటి యజమాని నడుముతో తీర్చుకున్నారంతే అంటారు కొందరు. ఆ పని ముసలివాళ్ల వల్ల కాదు, ఒంటరిగా ఉన్నవాళ్ల వల్ల కాదు. కంపెనీల ప్రకటనల్లో ట్రాక్టరెక్కి కూర్చున్న స్త్రీ నవ్వుతూ కనబడుతుంది కానీ, గ్యారేజీలో పిన్నులు లాగేది మగవాడి పనిగానే సాగింది. ప్రమాదం సరేసరి. తొలి బండ్లకు సీటు కింద స్విచ్చి లేదు. మనిషి దిగినా మరచుట్టు తిరుగుతూనే ఉండేది. గొట్టంలో ఇరుక్కున్న తడిమంచుని చేత్తో తియ్యబోయి వేళ్లు పోగొట్టుకున్నవాళ్ల కథ చలి రాష్ట్రాల ఆస్పత్రులకు పాతదే, ఇప్పటికీ ఆగలేదు. ఇంజను ఆపినా బెల్టులో బిగువు మిగిలి ఉంటే, అడ్డం తొలగిన క్షణంలో మరచుట్టు ఒక్క చుట్టు తిరగగలదు. ఈ లెక్కల్లో కొత్త యంత్రాలు మేలు. సీటు స్విచ్చి రావడం మంచిదైంది, దాన్ని తీసేసి తీగ ముడివేసుకునే పాత బండి వీరాభిమానుల తెలివి నాకు అర్థం కాదు. నేను ఆ పని సుఖమైనదని గానీ, అందరికీ అందిందని గానీ అనడం లేదు. ఆ కష్టంలో ఒక భాగం మాత్రం వృథా కాలేదంటున్నాను. నడుం నొప్పి తగ్గిస్తూనే ఆ రెండు రోజుల చూపుని ఉంచే దారి ఉండేది. మార్కెట్టు ఆ దారి పట్టలేదు.

అది పట్టిన దారి ఇంజను నిలబడిన తీరులోనే కనబడుతుంది. పాత గార్డెన్ ట్రాక్టరులో క్రాంకు ఇరుసు పడుకుని ఉంటుంది, అందుకే ముందు, వెనక, పొట్ట కింద ఎక్కడ పనిముట్టు కట్టినా బలం అందించగలదు. పెద్ద దుకాణాల్లో సరసమైన ధరకు దొరికే లాన్ ట్రాక్టర్లలో ఇరుసు నిటారుగా నిలబడి, కొస నేలవైపు చూస్తుంది. కోత బ్లేడుకి అది సూటి దారి, తయారీ చవక, కొన్నవాడికి లాభమే. కానీ ఆ ఒక్క నిర్ణయంతో బండి గడ్డికి అంకితమైపోయింది. మంచుపెట్టె తగిలించొచ్చు గానీ, చట్రం పల్చన, గేరు పెట్టె చిన్నది, పని పరాయిది. ఇంకోపక్క వ్యవసాయ సంక్షోభంలో ట్రాక్టరు కంపెనీలే కూలాయి. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ 1981లో కబ్ క్యాడెట్‌ని ఎమ్‌టీడీకి అమ్మేసింది. వీల్ హార్స్ 1974లో అమెరికన్ మోటార్స్‌కీ, 1986లో టోరోకీ చేతులు మారింది. ఊరి డీలరు దుకాణం మూతపడితే పోయేది అమ్మకమే కాదు. కౌంటరు వెనక నిలబడి, విరిగిన ముక్క చూడగానే అది ఏ ఏడాది పెట్టెదో చెప్పగల మనిషి కూడా పోతాడు. మంచు తియ్యడం ట్రక్కుకి బ్లేడు కట్టుకున్న కాంట్రాక్టరు చేతికి వెళ్లింది. 1965 వలస చట్టం తర్వాత అమెరికా వెళ్లి స్థిరపడిన మన డాక్టర్లు, ఇంజనీర్ల తొలి తరంలో కొందరైనా పార పట్టి మంచు తోడారు. ఇప్పుడు ఆ చలి రాష్ట్రాల్లో నేపర్‌విల్‌లోనో ట్రాయ్‌లోనో టౌన్‌హౌస్ కొన్న తెలుగు కుటుంబానికి నెలనెలా కట్టే ఇళ్ల సంఘం రుసుములోనే మంచు తీత కూడా కలిసి ఉంటుంది. తెల్లవారేసరికి దారి శుభ్రం, తీసినవాడి మొహం తెలీదు. దాన్ని తప్పు పట్టడానికేం లేదు. గుంటూరు ఎండల్లో పుట్టినవాడు మైనస్ ఇరవైలో షియర్ బోల్టు మార్చుకోవాలని ఎవరూ కోరరు.

మూడో అభ్యంతరం, అంతరించింది అని ఎలా అంటావు, ఇవాళ్టికీ జాన్ డీర్ తన పెద్ద గార్డెన్ ట్రాక్టర్లకు మంచుపెట్టె అమ్ముతోంది కదా అని. అమ్ముతోంది. వాటి ధర చూస్తే అవి చేరేది వేరే ఇళ్లకని తెలుస్తుంది. ఒకప్పుడు ఈ బండ్లు కర్మాగారంలో పనిచేసే మనిషి గ్యారేజీలో కూడా ఉండేవి. పాత బండ్లను బాగుచేసుకునేవాళ్లూ ఉన్నారు, శ్రద్ధలో పాతవాళ్లకి తీసిపోరు. కానీ వాళ్లది అభిరుచి. మంచు పడితే వాళ్లకి ఇంకో దారి ఉంది. అప్పటి వాళ్లకి లేదు, అందుకే బద్ధకస్తుడు కూడా నవంబరులో డెక్కు దించాడు. ఆ బద్ధకస్తుడే నా సాక్షి. శ్రద్ధ ఉన్నవాడు ఏ కాలంలోనైనా యంత్రాన్ని చూసుకుంటాడు. శ్రద్ధ లేనివాడి చేత కూడా చూయించిన ఏర్పాటు ఇదొకటే.

పాత సామాన్ల వేలాల్లో ఇప్పుడు మంచుపెట్టెలు తేలిగ్గానే దొరుకుతాయి. కొట్టం వెనక గడ్డిలో మూతి నేలకానించి పడి ఉంటాయి, ఎర్రరంగు వెలిసి గులాబీ అయి, మరచుట్టు అంచు అరిగి మెరుస్తూ. మోసుకెళ్లేందుకు సాయం పడతామని కూడా అంటారు. తీరా ఇంటికి తెచ్చి బండి దగ్గర పెట్టాక తెలుస్తుంది, బ్రాకెట్టు లేదు. దించినవాడు దాన్ని బండి కింద చట్రానికే వదిలేశాడు, బండి ఎప్పుడో ఇంకో ఊరికి పోయింది. దానితోపాటు ఎత్తే కడ్డీ, బెల్టుని తిప్పే పుల్లీ, రెండు పిన్నులు. వాటి కోసం వెతికేవాళ్లు ఆ బ్రాకెట్టుకి పెట్టెకంటే ఎక్కువ ధర ఇవ్వడానికి సిద్ధపడతారు.